మైకేల్ ఫారడే

విజ్ఞానశాస్త్రమును నేర్చుకొనుటకు రెండు మార్గములు కలవు. ఇతరులు కనుగొన్న విషయములను గ్రంథములలో చదివి తెలిసికొనుట మొదటిది. చదివిన దానిని తన చేతులతో చేసి చూచి, నిజమని రూఢి చేసికొనుట రెండవది. మొదటి మార్గము సులభమైనది. రెండవ మార్గమునకు ఓర్పును, చేతి నేర్పును కావలెను. ఈ రెండవ మార్గమును చిన్ననాటనే చేపట్టి, కడవఱకు దానిని విడువక, నేటి విద్యుద్యుగమునకు పునాది వేసిన మహనీయుడు మైకేల్ ఫారడే. అతడు కలవారి బిడ్డ కాడు. పెద్ద చదువులు చదివినవాడును కాడు. పుస్తకములను కుట్టి అట్టలు వేయుట అతడు నేర్చిన మొదటి వృత్తి. అట్టివాడు తాను శాస్త్రజ్ఞుడగుటయే గాక, తన దేశమునందలి బాలబాలికలకు శాస్త్రమందిరపు తలుపులను తెఱచి ఉంచెను.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండు దేశమున, లండను నగరమునకు సమీపమునందలి న్యూయింగ్టనులో జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి పని చేసెడివాడు. తల్లి పేరు మార్గరెట్టు. వారి నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. తండ్రికి తఱచు జబ్బు చేయుచుండుటచే కొలిమి పని సరిగా సాగెడిది కాదు. 1801లో ధాన్యపు ధరలు మిక్కిలి పెరిగి, పేదల బ్రతుకు దుర్భరమయ్యెను. ఆ దినములలో మైకేలునకు వారమునకు ఒక రొట్టె మాత్రము దొరకెడిది. దానినే అతడు ఏడు దినములకును సరిపెట్టుకొనవలసి వచ్చెను. బడిలో అతడు నేర్చినది చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు మాత్రమే. అంతటితో అతని పాఠశాల చదువు ముగిసెను.

1804లో మైకేల్ బ్లాండ్‌ఫర్డు వీధిలో నున్న రీబో అను పుస్తకవ్యాపారి యొద్ద పనికి కుదిరెను. ఆ కాలమున వార్తాపత్రికల వెల అధికము. అందుచే రీబో ఒకే పత్రికను పలువురకు వంతులవారీగా చదువనిచ్చెడివాడు. ప్రొద్దుననే పత్రికలను ఇండ్లకు చేర్చుటయు, వారు చదివిన పిదప మరల తెచ్చి వేఱొకరి కిచ్చుటయు మైకేలు పని. బాలుని నమ్మకమును, శ్రద్ధను చూచి రీబో సంతసించెను. ఆ కాలమున వృత్తి నేర్చుకొనగోరు పిల్లలు యజమానికి రుసుము చెల్లించుట ఆచారము. మైకేలు నుండి రీబో అట్టి రుసుము పుచ్చుకొనలేదు. 1805లో ఏడేండ్ల ఒప్పందముతో అతనిని బైండు పనిలో శిష్యునిగా చేర్చుకొనెను.

పుటలను వరుసగా కూర్చి, దారముతో కుట్టి, జిగురు పూసి, అట్టలు వేసి, తోలు తొడుగుట మిక్కిలి నేర్పుతో చేయవలసిన పని. ఈ పనిలో మైకేలు వ్రేళ్లు చుఱుకుదనమును అలవఱచుకొనెను. అయితే అతడు పుస్తకమును వెలుపల బాగుచేయుటతో తృప్తి చెందక, లోపల నున్నదానిని గూడ చదివెడివాడు. ఒకనాడు బైండు చేయుటకై ఆంగ్ల విజ్ఞానసర్వస్వ సంపుటమొకటి అతని చేతికి వచ్చెను. అందు విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని మనస్సును ఆకర్షించెను. పిదప జేన్ మార్సెట్ అను విదుషి సంభాషణల రూపమున రచించిన రసాయనశాస్త్ర గ్రంథము లభించెను. అతడు ఆ గ్రంథమును చదివి ఊరకుండలేదు. తన శక్తికి లోబడిన ప్రయోగములను చేసి చూచి, అందు చెప్పినది నిజమేయని తెలిసికొనెను. పరీక్షించి చూచిన గాని ఏ విషయమును నమ్మరాదను నియమము అతనికి ఆ చిన్న వయసుననే ఏర్పడెను.

ప్రయోగములకు సామగ్రి కావలెను. సామగ్రికి ధనము కావలెను. మైకేలు యొద్ద నున్నవి కొలది పెన్నీలు మాత్రమే. అతడు వానిని కూడబెట్టి, చౌకగా దొరకు వస్తువులను కొనెడివాడు. మొదట ఒక గాజుసీసాతోను, పిమ్మట పెద్ద గాజుగొట్టముతోను అతడు చిన్న విద్యుద్యంత్రమును నిర్మించెను. గాజును గిఱ్ఱున త్రిప్పుచు దానికి ఒక మెత్తను ఒత్తి పట్టినచో రాపిడి వలన విద్యుత్తు పుట్టును. ఎండిన తలవెండ్రుకలను దువ్విన దువ్వెన చిన్న కాగితపు ముక్కలను లాగుకొనుటకు గూడ ఇట్టి విద్యుత్తే కారణము. తాను చేసిన యంత్రము నుండి నిప్పురవ్వ వెలువడినపుడు ఆ బాలునకు కలిగిన ఆనందమునకు మేర లేదు. యజమాని రీబో సహృదయుడు. శిష్యుడు తీరిక వేళలలో చేయు ఈ పనులను చూచి కోపింపక, అతనిని ప్రోత్సహించెను.

1810లో మైకేల్ ఒక ప్రకటన చూచెను. జాన్ టేటమ్ అను నతడు తన గృహమున సాయంకాలములందు ప్రకృతిశాస్త్రములను గూర్చి ఉపన్యసించుచుండెను. ప్రవేశమునకు ఒక్కొక్క మారునకు ఒక షిల్లింగు చెల్లింపవలెను. మైకేలునకు అంత సొమ్మెక్కడిది? తండ్రివలెనే కమ్మరి పని చేయుచున్న అన్న రాబర్టు తన సంపాదనలోనుండి ఆ షిల్లింగుల నిచ్చెను. టేటమ్ గృహమున యువకుల సంఘమొకటి కూడెడిది. గుమాస్తాలు, వృత్తిపనివారు, విద్యార్థులు అందు సభ్యులు. వారు టేటమ్ చేసి చూపు ప్రయోగములను చూచుటయే గాక, వంతులవారీగా తామును లేచి, తమకు తెలిసిన విషయమును తోడివారికి బోధించెడివారు. మైకేల్ అచట విన్నదానినంతయు వ్రాసికొనెను. అచటి పరికరముల పటములను సరిగా గీయగోరి, రీబో ఇంట నివసించుచున్న మాస్కెరియే అను చిత్రకారుని ఆశ్రయించెను. చిత్రలేఖనము నేర్పినందులకు కృతజ్ఞతగా అతని గదిని ఊడ్చి, బూట్లకు మెఱుగు పెట్టెను. విద్య కొఱకు ఏ పని చేయుటకును అతడు సిగ్గుపడలేదు.

ఆ కాలమున రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను శాస్త్రసంస్థలో సర్ హంఫ్రీ డేవీ అను రసాయనశాస్త్రవేత్త ఇచ్చు ఉపన్యాసములకు లండనులో గొప్ప పేరుండెను. వానికి ధనికులును, విద్యావంతులును పోయెడివారు. రీబో దుకాణమునకు వచ్చుచుండిన డాన్స్ అను సజ్జనుడు మైకేలు ఆసక్తిని గమనించి, 1812లో డేవీ ఇచ్చు నాలుగు ఉపన్యాసములకు ప్రవేశపత్రముల నిచ్చెను. మైకేల్ పైవరుసలో, గడియారమునకు ఎగువగా కూర్చుండి, ప్రతి మాటను ఏకాగ్రతతో వినెను. ఇంటికి వచ్చి ఆ విషయములన్నిటిని విపులముగా వ్రాసి, పటములు గీసి, తన చేతులతోనే చక్కగా బైండు చేసెను.

విన్నదానితో గూడ అతనికి తృప్తి కలుగలేదు. 1812 జూలైలో అతడు ఏడు అరపెన్నీ రాగినాణెములను, అదే పరిమాణము గల ఏడు జింకుబిళ్లలను సేకరించెను. జింకుబిళ్లపై నాణెమును, దానిపై ఉప్పునీటిలో తడిపిన కాగితమును, మరల జింకును, ఈ విధముగా దొంతి పేర్చెను. వేఱువేఱు లోహముల నడుమ ఉప్పునీరు చేరినపుడు విద్యుత్ప్రవాహము పుట్టును. ఇటలీ దేశస్థుడగు వోల్టా కనుగొన్న ఘటమాల ఇదియే. ఆ దొంతి రెండు కొనలనుండి తీగలను తీసి, మైకేల్ ఎప్సమ్ లవణము కరగిన నీటిలో ముంచెను. తీగల చుట్టును బుడగలు లేచెను. తాను చేసిన సాధనము ఒక పదార్థమును విడదీయుచుండుట కన్నులార చూచి, అతడు పరవశుడై తన మిత్రుడగు ఆబట్టునకు దానిని గూర్చి దీర్ఘమైన లేఖ వ్రాసెను.

1812 అక్టోబరుతో శిష్యరికపు గడువు తీరెను. ఇక జీవితాంతము బైండు పని చేయుటయా? లేక శాస్త్రసేవ చేయుటయా? ఇది మైకేలు ముందు నిలిచిన ప్రశ్న. తండ్రి 1810లోనే మరణించెను. తల్లికి సాయపడవలెను. శాస్త్రశాలలో ఎంత చిన్న పనియైనను ఇప్పింపుడని అతడు రాయల్ సొసైటీ అధ్యక్షుడగు సర్ జోసెఫ్ బాంక్సునకు లేఖ వ్రాసియుండెను. దానికి ప్రత్యుత్తరము రాలేదు. ఐనను నిరాశ చెందక, తాను బైండు చేసిన ఉపన్యాసముల సంపుటమును జతపఱచి డేవీకి వ్రాసెను. ఆ గ్రంథమును చూచి డేవీ ముగ్ధుడయ్యెను. కాని శాస్త్రసేవలో శ్రమయే గాని ధనము లేదనియు, బైండు పనినే విడువక చేసికొనుట మేలనియు మొదట హితవు చెప్పెను. కొంత కాలమునకు ఆ సంస్థలోని సహాయకుడొకడు తగవులాడి పని పోగొట్టుకొనగా, డేవీకి ఈ యువకుడు జ్ఞప్తికి వచ్చెను. 1813 మార్చి 1వ తేదీన ఫారడే ఆ ఉద్యోగమున చేరెను. జీతము వారమునకు 25 షిల్లింగులు. నివసించుటకు మేడమీద రెండు గదులు.

ఆ సంవత్సరమే డేవీ దంపతులు ఐరోపా పర్యటనమునకు బయలుదేఱిరి. డేవీ సేవకుడు ప్రయాణమునకు సమ్మతింపకపోవుటచే, ఆ పనులు గూడ ఫారడే పైననే పడెను. డేవీ భార్య అతనిని సేవకునిగానే చూచి చిన్నబుచ్చెడిది. మనస్సు నొచ్చి, ఒకప్పుడు అతడు ఇంటికి మరలిపోవలెననియు తలంచెను. కాని నేర్చుకొను అవకాశమును వదలుకొనలేక సహించెను. పారిసులో ఆంపియరును, ఇటలీలో వోల్టాను చూచెను. ఫ్లారెన్సు నగరమున పెద్ద కటకముతో సూర్యకిరణములను కేంద్రీకరించి వజ్రమును మండించి, అదియు బొగ్గువలె కర్బనమేయని డేవీ నిరూపించినపుడు ఫారడే అతని ప్రక్కన నుండెను. 1815లో వారు లండనునకు తిరిగి వచ్చిరి. మఱుసటి సంవత్సరము ఫారడే టేటమ్ గృహమునందలి యువకుల సంఘమునకే పోయి, రసాయనశాస్త్రమును గూర్చి ఉపన్యాసములు ప్రారంభించెను. నేర్చిన చోటనే నేర్పుటకు అతడు మొదలిడెను.

1820లో డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడగు అయిర్‌స్టెడ్ ఒక వింతను ప్రకటించెను. విద్యుత్తు ప్రవహించు తీగ దగ్గఱకు తెచ్చినచో దిక్సూచి ముల్లు కదలుననుట దాని సారాంశము. ఫారడే దీనిని స్వయముగా పరీక్షించెను. 1821లో ఒక పాత్రలో పాదరసము పోసి, నడుమ అయస్కాంతమును నిలిపి, పైనుండి తీగను వ్రేలాడదీసి విద్యుత్తును ప్రసరింపజేసెను. తీగ అయస్కాంతము చుట్టును గిరగిర తిరుగసాగెను. నేడు పంకాలను, నీటి పంపులను నడుపు విద్యున్మోటారులకు ఈ చిన్న పరికరమే పూర్వరూపము.

విద్యుత్తు వలన అయస్కాంతశక్తి పుట్టుచున్నది గదా, అయస్కాంతము వలన విద్యుత్తు ఏల పుట్టరాదు? ఈ ప్రశ్న పది సంవత్సరములు ఫారడేను వెన్నాడెను. ఎన్నో ప్రయత్నములు విఫలమయ్యెను. 1831 ఆగస్టు 29వ తేదీన అతడు ఆఱు అంగుళముల వెడల్పు గల ఒక ఇనుప కడియమునకు రెండు ప్రక్కల వేఱువేఱుగా రాగితీగలను చుట్టెను. తీగచుట్లు ఒకదాని నొకటి తాకకుండునట్లు నడుమ నూలుదారమును, గుడ్డను వేసెను. పుస్తకములను కుట్టిన చేతులకు ఈ పని క్రొత్త గాదు. ఒక ప్రక్క తీగను ఘటమాలకు కలిపినంతనే, రెండవ ప్రక్క తీగ చెంతనున్న సూది కదలి నిలిచిపోయెను. ఘటమాలను తొలగించినపుడు మరల కదలెను. విద్యుత్తు నిలుకడగా ప్రవహించుచున్నంత సేపు చలనము లేదు. మార్పు కలిగినపుడు మాత్రమే చలనము! ఇంతకాలము తనకు దొరకని రహస్యము ఇదియేయని ఫారడే గ్రహించెను. అక్టోబరులో తీగచుట్టలోనికి అయస్కాంతమును దూర్చియు వెలికి తీసియు విద్యుత్తును పుట్టించెను. అదే మాసమున పెద్ద అయస్కాంతపు ధ్రువముల నడుమ రాగిబిళ్లను త్రిప్పి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును పొందెను. మొదటి విద్యుజ్జనకయంత్రము ఈ విధముగా ఏర్పడెను.

ఫారడే కోరియున్నచో గొప్ప ధనికుడు కాగలిగియుండెడివాడు. వ్యాపారసంస్థల కొఱకు పదార్థములను పరీక్షించియిచ్చి 1830లో అతడు వేయి పౌనులు ఆర్జించెను. సంస్థ అతనికి ఇచ్చు జీతమో, ఏటికి వంద పౌనులు. ఐనను పరిశోధనకు కాలము చాలకపోవుటచే అతడు ఆ ధనమార్గమును దాదాపుగా వదలుకొనెను. తాను కనుగొన్న వానిపై హక్కుపత్రములను గూడ పొందలేదు. కాని ఒక పనికి మాత్రము కాలము లేదని అతడు అనలేదు. అది బాలబాలికలకు శాస్త్రము నేర్పుట.

క్రిస్మసు సెలవులలో పిల్లల కొఱకు ప్రత్యేకోపన్యాసములను రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825లో ప్రారంభించెను. బడులలో శాస్త్రబోధన లేని కాలమది. 1827 మొదలు 1860 వఱకు ఫారడే స్వయముగా పందొమ్మిది పర్యాయములు ఈ ఉపన్యాసమాలలను నిర్వహించెను. ఒకప్పుడు తాను ప్రవేశపత్రము కొఱకు ఆశపడిన ఆ శాలలోనే, ఇప్పుడు చిన్నపిల్లలు బల్లల నిండ కూర్చుండి అతని కొఱకు ఎదురుచూచెడివారు. 1855లో రాణి విక్టోరియా భర్తయగు ఆల్బర్టు తన కుమారులను వెంటబెట్టుకొని వచ్చి వినెను. ఫారడే దేనిని గాని నోటిమాటతో చెప్పి విడిచెడివాడు కాడు. ఱాయి విడిచిన నేల పడునని చెప్పవలసి వచ్చినను, ఱాతిని పట్టుకొని, చేయి విప్పి, పడవేసి చూపవలెనని అతని మతము. ఒకమారు పెద్ద విద్యుదయస్కాంతముపైకి బొగ్గుల తొట్టిని, నిప్పు కదపు ఇనుప కడ్డీని, పట్టకారును విసరివేసెను. అవి దానికి అతుకుకొని నిలిచిపోగా పిల్లలు ఆనందముతో కేరింతలు కొట్టిరి.

1860వ సంవత్సరపు క్రిస్మసు సెలవులలో అతడు ఒక క్రొవ్వువత్తిని గూర్చి ఆఱు ఉపన్యాసము లిచ్చెను. ప్రతి ఇంటను ఉండు క్రొవ్వువత్తిలో ఆఱు దినములు చెప్పదగినంత విషయమేమున్నది? మంట నడుమ గాజుగొట్టమును ఉంచి, దాని రెండవ కొననుండి వచ్చు ఆవిరిని వెలిగించి, మండునది వత్తి గాదు ఆవిరియని ఫారడే చూపెను. మంటపై చల్లని పాత్రను ఉంచి, దానికి పట్టిన నీటిబిందువులను చూపెను. సున్నపుతేటను తెల్లగా మార్చు వాయువు క్రొవ్వువత్తి నుండియు, మనము విడుచు ఊపిరి నుండియు ఒకటే వచ్చుచున్నదని నిరూపించెను. దీపము మండుటకును, మానవుడు జీవించుటకును గల పోలికను ఆ విధముగా పిల్లలు తమ కన్నులతోనే కనుగొనిరి. ఇంటికి పోయి తామును ఇట్టి ప్రయోగములు చేసి చూడవలెనని అతడు వారిని ప్రోత్సహించెను. ఈ ఉపన్యాసములు గ్రంథముగా వెలువడి, పలు భాషలలోనికి అనువదింపబడెను.

1862లో పాఠశాలల స్థితిని విచారించు ప్రభుత్వసంఘము ఎదుట ఫారడే సాక్ష్య మిచ్చెను. బాలురకు ప్రకృతిశాస్త్రములను నేర్పకుండుట గొప్ప లోపమని నిర్భయముగా తెలిపెను. అప్పటికే అతని జ్ఞాపకశక్తి క్షీణించుచుండెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని ఇవ్వజూపినను అతడు వినయముతో నిరాకరించెను. ఉన్నత గణితము నేర్వని అతని భావములకు మాక్స్‌వెల్ అను మేధావి గణితరూపము నిచ్చెను. రాణి విక్టోరియా ఇచ్చిన హాంప్టన్ కోర్టు గృహమున, 1867 ఆగస్టు 25వ తేదీన ఫారడే తుదిశ్వాస విడిచెను.

నేడు శ్రీశైలమునను, నాగార్జునసాగరమునను కృష్ణవేణి జలముల వేగముచే తిరుగు యంత్రములు విద్యుత్తును పుట్టించుట, ఫారడే 1831లో కనుగొన్న సూత్రము వలననే. లండనులో పిల్లల కొఱకు జరుగు క్రిస్మసు ఉపన్యాసములు, రెండవ ప్రపంచయుద్ధకాలమున కొన్నియేండ్లు ఆగినను, నేటికిని సాగుచున్నవి. అన్న ఇచ్చిన షిల్లింగు, యజమాని ఓర్పు, ఒక సజ్జనుడిచ్చిన ప్రవేశపత్రము, ఇవి ఒక పేదబాలునకు దారి చూపెను. ఆ ఋణమును అతడు ఎందఱో బాలురకు దారి చూపి తీర్చుకొనెను. ఖరీదైన పరికరములు లేవని ప్రయోగములను మానుకొను విద్యార్థులు, ఏడు రాగినాణెములతో ప్రారంభమైన ఈ జీవితమును స్మరింపదగును.